తక్కెడ టీచర్ చెప్పమన్న అబద్ధం

పోయిన వారం మనం తక్కెడ టీచర్‌నీ తూనీగనీ ఆ పిల్ల నాన్న కొట్టు గుమ్మం ముందు నిలబెట్టి ఇంటికొచ్చేశాం. వారం పాటు ఎండలో నిలబెట్టినందుకు వాళ్ళిద్దరూ నన్ను తిట్టుకునే ఉంటారు. కథలో కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేసి, వాళ్ళని లోపలికి పంపేస్తాను.

తక్కెడ టీచర్‌కి అసలు పేరు లేకపోలేదు, దాంతో పిలిచేవాళ్ళే లేరు. బడిలో ఆఖరి ఏడాది పిల్లలు ఏ కాలేజీలో చేరాలో తేల్చుకోవడానికి సాయపడటం ఆవిడ ఉద్యోగం. ఫలానా చోటికి వెళ్ళు అని ఇంతవరకూ ఏ ఒక్కరికీ చెప్పిన పాపాన పోలేదు. తక్కెడ పట్టుకోవడం వరకే నా పని, తూకం మీరే చూసుకోండి అంటుంది. ఆ పేరు అలా వచ్చిందే. రెండు కాలేజీల మధ్య ఎటూ తేలక నలిగిపోయే పిల్లలకి ఆవిడ దగ్గర ఒక మందు ఉంది. రెండు రోజులు ఒక కాలేజీ ఖాయమైపోయినట్టే బతకాలి. తర్వాత రెండు రోజులు రెండోది ఖాయమైనట్టు. ఎప్పుడు ముద్ద దిగిందో, ఎప్పుడు నిద్ర పట్టిందో చూసుకుంటే మనసు దానంతటదే తేలుతుంది. పిల్లలు దీనికి ఉత్తుత్తి కాపురం అని పేరు పెట్టారు. మందుకి పథ్యం ఒక్కటే. ఇది ఉత్తుత్తిది అని ఇంట్లో చెప్పకూడదు. చెబితే వాళ్ళు నవ్వి ఊరుకుంటారు, మందు పనిచెయ్యదు.

తూనీగ ఈ మందు మింగింది. ఒక్కచోట కుదురుగా కూర్చోదు కనక ఆ పిల్ల తూనీగ. దూరాన ఉన్న కాలేజీలో రాళ్ళ చదువు, అంటే భూగర్భ శాస్త్రం. ఉన్న ఊళ్ళో కాలేజీలో లెక్కల చదువు. రెండింట్లోనూ సీటొచ్చింది. ఉత్తుత్తి కాపురాలు రెండూ చేసి, నా ప్రాణమంతా రాళ్ళ మీదే ఉంది అని తేల్చుకుని, సీటు ఖాయం చేద్దామని కాలేజీ పేజీ తెరిచింది. 'మీ కోరిక మేరకు మీ సీటు వదిలివేయబడినది' అని కనబడింది. తను కోరలేదు. ఖాయం చేసుకోవడానికి గడువు రేపు సాయంత్రం. తలుపు మూసిన టీచర్ గదిలో తూనీగ అన్న మాటే ఇద్దరినీ ఈ గుమ్మం దాకా తెచ్చింది: "ఇది మా నాన్న పనే టీచర్. నేను ఇక్కడే ఉంటానని ఉత్తుత్తిగా చెప్పినప్పుడు మా నాన్న ఏడ్చాడు."

ఇక లోపలికి వెళదాం.

ముందు గది కొట్టు, వెనక ఇల్లు. కొట్టంటే కట్టుడు పళ్ళు చేసే చోటు. పెద్ద బల్ల నిండా సుద్ద అచ్చులు, ఎవరెవరివో దవడలు, వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. స్పిరిట్ దీపం మీద మైనం కరుగుతోంది. అన్నిటి మీదా సన్నటి తెల్లదుమ్ము. మూలన మోటారు దగ్గర ముక్కుకి గుడ్డ కట్టుకుని తూనీగ అక్క కూర్చుని, ఎవరిదో పై పళ్ళ సెట్టుకి మెరుగు పెడుతోంది. కొన్నేళ్ళుగా కొట్టు పనంతా ఆ పెద్దమ్మాయిదే. బోర్డు మీద మాత్రం తండ్రి పేరూ, తండ్రి బొమ్మా ఉన్నాయి.

తండ్రి, వీధి వీధంతా పళ్ళ మేస్త్రి అని పిలిచే మనిషి, గుమ్మం పక్కన కుర్చీలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అలా పెట్టుకోకపోతే చేతులు ఆగవు. వణుకు జబ్బు. ముసలితనం వల్ల వచ్చింది కాదు, ఆయనకింకా జుట్టు కూడా నెరవలేదు. భార్య చనిపోయిన ఏడాదే మొదలైంది, ఇప్పుడు మోచేతుల దాకా పాకింది.

"రండి టీచర్‌గారూ. పళ్ళు బావున్నాయా?" అన్నాడు. అందరినీ ఆయన పలకరించేది అలాగే. ఒంట్లో బావుందా అని అడగడానికి డాక్టర్లున్నారు, నాకెందుకు అంటాడు.

టీచర్ నవ్వలేదు. కూర్చోలేదు కూడా. దారంతా కూడబలుక్కున్న మాటలు చాలా ఉన్నాయి, గుమ్మం దాటేసరికి ఒక్కటీ మిగల్లేదు. "తూనీగ దూరం కాలేజీ సీటు ఎవరో వదిలేశారు. మీ ఇంట్లోంచే జరిగింది. పిల్ల భవిష్యత్తు అండీ. మీకు ఇష్టం లేకపోతే నాతో ఒక్క మాట అనాల్సింది" అంది.

మేస్త్రి ముఖంలో పలకరింపు నవ్వు ఇంకా అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. "వదిలెయ్యడమంటే? పోయిందనా?"

"పోయింది నాన్నా. నీకు తెలీదా?" అంది తూనీగ.

"నాకెలా తెలుస్తుందే? ఫోను పట్టుకుంటే నిలవదు నా చేతిలో. నంబరు నొక్కాలంటేనే మీ అక్కని పిలుస్తాను." ఆయన టీచర్ వైపు తిరిగాడు. "నేను ఏడ్చిన మాట నిజమేనండి. ఇది ఉంటానంటే ఏడ్చాను. ఏడవడం వేరు, సీటు తీసెయ్యడం వేరు. నేను పళ్ళు కట్టేవాణ్ణి, ఊడగొట్టేవాణ్ణి కాదు."

మోటారు ఆగింది.

అప్పటిదాకా ఆ చప్పుడు ఉందన్న సంగతే ఎవరికీ తెలీదు. పెద్దమ్మాయి ముక్కు మీది గుడ్డ కిందికి లాక్కుంది. గుడ్డ ఉన్నమేర తప్ప ముఖమంతా తెల్లగా ఉంది. చేతిలో పళ్ళ సెట్టుని నీళ్ళ గిన్నెలో జాగ్రత్తగా వేసింది.

"నాన్ననేం అడక్కండి టీచర్‌గారూ. నేనే వదిలేశాను."

తూనీగ నవ్వింది. నమ్మలేనప్పుడు కొందరికి నవ్వొస్తుంది. "ఊరుకో అక్కా."

"నువ్వు స్నానానికెళ్ళినప్పుడు నీ ఫోను బల్ల మీదే ఉంది. వదులుకుంటున్నారా అని అడిగింది, అవును అని నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాను." అన్నం ఉడికిందా అంటే ఉడికింది అన్నంత మామూలుగా చెప్పింది. "తర్వాత వచ్చి ఒక అచ్చుకి సుద్ద కలిపాను. చెయ్యి వణుకుతుందేమో అనుకున్నా. వణకలేదు. దానికే భయమేసింది నాకు."

టీచర్‌కి ఈ పెద్దమ్మాయి బాగా తెలుసు, తెలియదు కూడా. అదే బళ్ళో చదివింది. ఆఖరి ఏడాదికి రాకముందే తల్లి పోయి, చదువు మానేసి కొట్లో కూర్చుంది. తక్కెడ టీచర్ గది దాకా వచ్చే అవకాశం దానికి రాలేదు.

"ఎందుకమ్మా? నీ చెల్లెలికి ఎందుకు ఇంత పని చేశావు?" అంది టీచర్. గొంతు పెంచాలనుకుంది, పెరగలేదు.

"మీరెందుకు చెప్పమన్నారు టీచర్‌గారూ దానికి, ఇక్కడే ఉంటానని?"

ఇక్కడ నన్ను కొంచెం ఆగనివ్వండి. ఈ ప్రశ్న వేసినప్పుడు పెద్దమ్మాయి ముఖంలో కోపం ఉండి ఉంటే టీచర్ బతికిపోయేది. కోపానికి జవాబు చెప్పడం ఆవిడకి ఉద్యోగంలో అలవాటే. ఆ ముఖంలో ఉన్నది ఒట్టి అలసట.

"ఆ రోజు ముగ్గురం భోజనానికి కూర్చున్నాం," అంది పెద్దమ్మాయి. "ఇది అంది, అక్కా, నేను ఊళ్ళో కాలేజీలోనే చేరతాను, ఎక్కడికీ పోను, నాన్నని నేను చూసుకుంటాను అని. ఎంత బాగా చెప్పింది టీచర్‌గారూ. కళ్ళలోకి చూసి చెప్పింది. నాన్న ఏడ్చాడు. నేను గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఎందుకెళ్ళానో నాకే తెలీదు. అక్కడ గోడకి ఆనుకుని నిలబడ్డా. నాకు ఊపిరాడింది. అమ్మ పోయాక అలా ఎప్పుడూ ఆడలేదు."

"అక్కా, అది..."

"ఉండు. చెప్పనీ." పెద్దమ్మాయి చెల్లెలి వైపు చూడలేదు. "పెద్దాసుపత్రిలో ఒక విభాగం ఉంది టీచర్‌గారూ. జబ్బుల్లో, ప్రమాదాల్లో ముక్కో చెవో కన్నో పోయినవాళ్ళకి అచ్చం అలాగే చేసి పెడతారు. చర్మం రంగు కూడా కలుపుతారు. నేను చేసిన పళ్ళు చూసి అక్కడి డాక్టరుగారు నన్ను వచ్చి, అక్కడే ఉండి నేర్చుకోమన్నారు. పోయిన ఏడాది ఒకసారి పిలిచారు. మళ్ళీ ఈ ఏడాది మొదట్లో పిలిచారు. కుదరదండీ అన్నాను. ఈ నెల మళ్ళీ అడిగారు, ఇదే ఆఖరుసారి అని కూడా చెప్పారు. ఇది ఉంటానన్న మర్నాడు పొద్దున్నే నేను ఫోన్ చేసి వస్తానని మాటిచ్చాను."

పళ్ళ మేస్త్రి చేతులు తొడల కిందనుంచి బయటికి వచ్చేశాయి. ఒడిలో అవి వాటి ఇష్టం వచ్చినట్టు ఆడుతున్నాయి, ఆయన చూసుకోవడం లేదు.

"ఆ తర్వాత ఇది వచ్చి, నేను దూరం కాలేజీకి వెళ్తున్నా అంది. అదేమిటే, ఉంటానన్నావుగా అన్నాను. నవ్వింది. అది ఉత్తుత్తిదేలే అక్కా, మా టీచర్ చెప్పమంటే చెప్పా, అంది. ఉత్తుత్తిది అట. నేను వెళ్తానని చెప్పిన మాట ఉత్తుత్తిది కాదు టీచర్‌గారూ. దాన్ని నేనెలా వెనక్కి తీసుకోను? నాకు ఆ మందు ఎవరూ ఇవ్వలేదే."

టీచర్ బల్ల అంచు పట్టుకుంది. అరచేతికి తెల్లదుమ్ము అంటుకుంది. ఎన్ని ఏళ్ళుగా ఎంతమంది పిల్లల చేత ఈ అబద్ధం ఇళ్ళలో చెప్పించిందో ఆవిడకి లెక్క లేదు. ఆ ఇళ్ళలో భోజనాల దగ్గర ఇంకా ఎవరెవరు కూర్చుని ఉంటారో, విని ఎవరు వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకున్నారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పిల్ల మనసు తేలిందా లేదా, అంతే చూసుకుంది.

"నాతో చెబితే నేను ఉండేదాన్ని కాదా?" అంది తూనీగ. నవ్వు ఎప్పుడో పోయింది.

"ఉండేదానివా?"

ఉండేదాన్ని అని తూనీగ అనొచ్చు. కాని వారం రోజుల్లో ఆ పిల్ల చాలా అబద్ధాలు ఆడేసింది, ఇంకొకటి రాలేదు. దానికి బదులు అనకూడని మాట వచ్చింది. "అమ్మ ఉంటే ఇలా చేసేది కాదు. నువ్వు అమ్మలా ఉన్నావనుకున్నాను ఇన్నాళ్ళూ."

"నేను అమ్మని కాదే," అంది పెద్దమ్మాయి. "కాదనే చెబుతున్నాను."

లేచి వెళ్ళి స్పిరిట్ దీపం ఆర్పి వచ్చింది.

"పెద్దదానా, నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు పళ్ళ మేస్త్రి.

"చెబితే ఏమనేవాడివి నాన్నా?"

"వెళ్ళమనేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు. నువ్వు వెళ్ళమంటావు, నేను వెళ్ళలేను. మొన్న స్నానాల గదిలో పడి, నేనొచ్చి తలుపు తోసేదాకా నేల మీదే ఉన్నావు. పిలవలేదు కూడా. చేతిలో పని పాడవుతుందని పిలవలేదన్నావు."

"మనిషిని పెట్టుకోవచ్చు కదమ్మా," అంది టీచర్. అంటూనే ఎంత చవక సలహానో ఆవిడకే తెలిసింది.

"ఇద్దరు వచ్చారండీ. పగలు చూస్తారు. రాత్రి లేచి పక్కమీద అటు తిప్పి ఇటు తిప్పి పడుకోబెట్టాలంటే ఎవరుంటారు? ఇద్దరూ చెప్పకుండా వెళ్ళిపోయారు."

పళ్ళ మేస్త్రి ఇద్దరు కూతుళ్ళనీ మార్చి మార్చి చూశాడు. "బావుంది. ఒకర్ని ఆపడానికీ నేనే, ఒకర్ని పంపడానికీ నేనే. తక్కెడలో తూకం రాయిలా పెట్టారు నన్ను. రాయిని ఎవరూ అడగరు గదా, నువ్వెటు ఉంటావు అని." ఆయన జోకులేసే మనిషి కనక ఇది కూడా జోకు లాగే అన్నాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి తల దించుకున్నాడు. కన్నీళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తితే అది ముఖం దాకా సరిగా రాలేదు, చెవికి తగిలింది. పెద్దమ్మాయి లేచి వచ్చి తన గుడ్డతో తుడిచింది. తుడిచి మళ్ళీ తన చోట కూర్చుంది.

తూనీగ టీచర్ చెయ్యి పట్టుకుంది. "ఏదో ఒకటి చెయ్యండి టీచర్. ఇంకా రేపు సాయంత్రం దాకా ఉంది కదా. కాలేజీవాళ్ళతో మాట్లాడండి. మీ మాట వింటారు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. టీచర్ పెద్దమ్మాయి వైపు చూసింది, అనుమతి అడుగుతున్నట్టు.

"చెయ్యండి," అంది పెద్దమ్మాయి. "దొరికితే అది వెళ్తుంది. నేను రానని చెప్పేస్తా. నాకిది అలవాటే."

ఆ అలవాటే అన్న మాట టీచర్ గుండెలో గుచ్చుకుంది. గుచ్చుకున్నా ఫోను తీసింది. ఎందుకు తీసిందంటే, ఎదురుగా ఉన్నది తన విద్యార్థి, చెయ్యి పట్టుకున్నది తన విద్యార్థి, పెద్దమ్మాయి ఎన్నడూ తన గదిలోకి రాలేదు. మనుషుల్లో న్యాయం చాలాసార్లు చెయ్యి పట్టుకున్నవాళ్ళ వైపే వెళ్తుంది.

కాలేజీ ప్రవేశాల ఆఫీసులో గుమాస్తా గొంతు పొద్దుట్నించీ అదే పనిగా మాట్లాడి అరిగిపోయినట్టుంది. పొరపాటున వదిలేశారంటే ఆయన నిట్టూర్చాడు. "అందరూ అదే అంటారండీ. వదిలేసిన సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతవాళ్ళకి ఇచ్చేశాం. పొద్దునే కబురెళ్ళిపోయింది."

"వెనక్కి తీసుకోవడం కుదరదా అండీ?"

"మేం తీసుకోలేం. వాళ్ళంతట వాళ్ళు రేపు సాయంత్రం లోగా వద్దంటే మీ పిల్లకి తిరిగి రాస్తాం. లిస్టులో వాళ్ళ తర్వాత ఎవరూ లేరు." కాగితాలు తిరగేసిన చప్పుడు. "మీది ఏ బడి అన్నారు? అదే అనుకుంటున్నా. ఈ పిల్ల కూడా మీ బడిదేనండీ."

టీచర్ ఫోను పెట్టేసింది. తమ బడి నుంచి ఆ లిస్టులో ఉన్నది ఒక్క పిల్లే. ఎవరో ఆవిడకి వెంటనే తెలిసింది.

"ఏమన్నారు?" అంది తూనీగ.

"తర్వాతవాళ్ళకి వెళ్ళిందట. వాళ్ళు వద్దంటే నీదే." ఎవరికి వెళ్ళిందో చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది, ఎందుకంటే కొట్టు అద్దాల తలుపు దడాల్న తెరుచుకుంది.

వచ్చింది గంట. తూనీగ పక్క బెంచీ పిల్ల, చిన్నప్పట్నించీ స్నేహితురాలు. మాట్లాడ్డం మొదలుపెడితే బడి గంట కూడా దాని ముందు చాలదని ఆ పేరు. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతూనే మాట్లాడేసింది.

"టీచర్, మీరు ఇక్కడున్నారా, మీ కోసం బడంతా తిరిగొచ్చాను. ఒసేయ్, నాకొచ్చిందే. రాళ్ళ కాలేజీ. వెయిటింగ్ లోంచి పిలిచారు. ఎవరో వదిలేశారంట, ఎవరో మహానుభావులు వాళ్ళ కడుపు చల్లగుండ. ఇద్దరం కలిసే వెళ్తున్నామే ఇంక. హాస్టల్లో ఒకే గది. కిటికీ పక్కన నువ్వు పడుకో, నాకు గాలి పడదు. అంకుల్, చూశారా, మీ అమ్మాయి ఒక్కతే వెళ్తుందని బెంగపడక్కర్లేదు మీరు, నేను ఉంటాగా."

గంట తన సంతోషంలో ఎవరి ముఖమూ గమనించలేదు. సంతోషంలో ఉన్నవాళ్ళు గదిలోకి చూడరు, తమలోకే చూసుకుంటారు.

"ఒక్కటే ఇబ్బంది టీచర్. రాదనుకుని నిన్ననే ఊళ్ళో కాలేజీకి ఒప్పేసుకున్నాను. ఇప్పుడు దాన్ని కాదనాలి. రేపటికల్లా చెప్పాలి. ఉత్తుత్తి కాపురం చెయ్యడానికి టైం కూడా లేదు. అందుకని మిమ్మల్నే అడుగుదామని వచ్చా. మీరు ఎవరికీ చెప్పరని తెలుసు. ఈ ఒక్కసారి చెప్పండి టీచర్. వెళ్ళనా, వద్దా? మీరు ఏదంటే అదే."

తక్కెడ టీచర్ ఆ పిల్లని చూసింది. వెయిటింగ్ అని వచ్చిన రోజు ఈ పిల్ల తన గదిలో, ఎవరికీ వినబడకుండా చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ సంగతి టీచర్‌కి గుర్తుంది. తన బీరువాలో ఉన్న రాళ్ళ పుస్తకాన్ని, తూనీగ అట్ట కూడా తిప్పని పుస్తకాన్ని, ఈ పిల్ల పట్టుకెళ్ళి ఆఖరి పేజీ దాకా చదివి తెచ్చిచ్చింది. అదీ గుర్తుంది. గుర్తున్నవన్నీ పక్కకి నెట్టి, ఆవిడ ఇంకో మాట వెతుక్కుంది. స్నేహితురాలు దరఖాస్తు పెట్టింది కదా అని తనూ పెట్టింది. అంతేగా. ఊళ్ళో చదివినా బాగుపడుతుంది. చలాకీ పిల్ల. ఎక్కడైనా బతికేస్తుంది.

తూనీగ ఇంకా టీచర్ చెయ్యి వదల్లేదు. ఆ పట్టు బిగిసింది. అంటే దానికి అర్థమైపోయింది.

ఎంతోమంది పిల్లలు, ఎన్నో ఏళ్ళు. ఒక్కరికీ ఇటు వెళ్ళు, అటు వద్దు అని చెప్పని మనిషి, ఆ మధ్యాహ్నం, పదిమంది సుద్ద దవడలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్న ఆ బల్ల పక్కన నిలబడి చెప్పింది.

"ఆ కాలేజీ నీకు సరిపడదమ్మా."

గంట మాట ఆగిపోయింది. "సరిపడదా?"

"అక్కడ చదువు కష్టం. కొండల్లో తిరగాలి. నువ్వు తట్టుకోలేవు. ఊళ్ళోదే నీకు మంచిది." వాక్యం తర్వాత వాక్యం సులువుగా వస్తూనే ఉన్నాయి.

పళ్ళ మేస్త్రి "టీచర్‌గారూ" అని ఏదో అనబోయాడు. చిన్నకూతురు ఆయన వైపు చూసింది. ఆయన నోరు మూసుకుని చేతులు మళ్ళీ తొడల కింద పెట్టుకున్నాడు. పెద్దమ్మాయి మాత్రం చూపు తిప్పుకోలేదు. టీచర్‌ని చూస్తూనే ఉంది. తను చేసిన పనిని ఇంకొకరు చేస్తుంటే ఎలా ఉంటుందో చూస్తున్నట్టుంది.

"సరే టీచర్," అంది గంట. మెల్లిగా మాట్లాడితే దాని గొంతు ఎవరిదో లాగా ఉంది. "మీరు చెప్పారంటే ఆలోచించే చెప్పుంటారు." ఫోను తీసి చూసుకుంది, ఏమీ నొక్కలేదు. స్నేహితురాలి వైపు తిరిగింది. "నువ్వేమంటావే? నువ్వు రమ్మంటే ఎలాగో తట్టుకుంటా."

తూనీగ ఎప్పుడూ ఒకచోట నిలబడని పిల్ల. ఇప్పుడు నిలబడే ఉంది. అక్కని చూసింది, నాన్నని చూసింది, నేలని చూసింది.

"టీచర్ చెప్పినట్టు చెయ్యవే," అంది.

గంట తలూపింది. "అమ్మ బయటే ఉంది. చెప్పేసొస్తా" అని తలుపు తోసుకుని వెళ్ళింది.

దాని తల్లి సిటీ బస్సు నడుపుతుంది. వీధి చివర స్టాపులో బస్సు ఆపి, రెండు ట్రిప్పుల మధ్య దొరికిన విరామంలో కూతురితో పాటు వచ్చింది. టీచర్ రోజూ బడికి వెళ్ళేది ఆ బస్సులోనే. ఆవిడ ఎక్కే దాకా ఒక్కోసారి బస్సు కదలకుండా ఆగుతుంది కూడా. అద్దంలోంచి తల్లీకూతుళ్ళు కనబడుతున్నారు. తల్లి యూనిఫాం చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. కూతురు ఏదో చెప్పింది. తల్లి నవ్వు వెంటనే పోలేదు, ముందు అర్థం కాక అలాగే ఉంది, తర్వాత పోయింది. కూతురి తల మీద చెయ్యి వేసి ఏదో అడిగింది. కూతురు కొట్టు వైపు చూపించింది.

తల్లి లోపలికి వచ్చింది. తలుపు దగ్గర ఆగి, టోపీ తీసి చేతిలో పట్టుకుంది. పళ్ళ మేస్త్రికి తల వంచి పలకరింపు చెప్పింది. టీచర్‌తో గొడవ పడటానికి రాలేదని ఆవిడ నిలబడిన తీరులోనే తెలుస్తోంది.

"టీచర్‌గారూ, మీరు కాదన్నారంటే కారణం ఉంటుంది," అంది. "మా పిల్లకి ఏం తక్కువైందో చెప్పండి. రేపు సాయంత్రం లోపు నేర్పించుకుంటాం."